పెట్టాక చెయ్యి నాది

మా వీధిలో సామ్రాజ్యమ్మ చేత గోరింటాకు పెట్టించుకోవడమంటే స్టేషన్‌కి వెళ్ళి లొంగిపోవడం లాంటిది. స్టేషన్‌లో అయితే బెయిలు అడగొచ్చు, ఇక్కడ అదీ లేదు. ఆవిడ ఒకసారి ఆకు పెట్టిందంటే, ఆ చేతిని మళ్ళీ ఎప్పుడు వాడుకోవాలో ఆవిడే చెప్పాలి. అంతవరకూ మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోకూడదు, ఫోను ఎత్తకూడదు, ముక్కు మీద ఈగ వాలితే దాని మానాన అది లేచిపోయేదాకా కూర్చోవాలి.

"పెట్టేదాకా నీ చెయ్యి. పెట్టాక చెయ్యి నాది" అంటుంది. మొదటిసారి విన్నవాళ్ళు నవ్వుతారు. రెండోసారి ఎవరూ నవ్వరు.

మా ఊరు గుంటూరుకి ఆటోలో వెళ్ళేంత దూరం. ఊరికి ఒక పక్కన పత్తి చేలు, ఇంకో పక్కన మిర్చి కోల్డ్ స్టోరేజీలు. వేసవిలో గాలి ఎటు వీచినా ఘాటే. మా ఊరికి కొత్తగా వచ్చినవాణ్ణి గుర్తుపట్టడం చాలా తేలిక. తుమ్మేవాడు కొత్తవాడు, తుమ్మనివాడు ఓటరు. సామ్రాజ్యమ్మది చీరాలలో నేతపని ఇల్లు. కోడలై ఇక్కడికొచ్చింది, భర్త పోయాక ముందు గదిలో చీరాల చీరలు పెట్టుకుని అమ్ముతుంది. మనిషి దిట్టం. గొంతు అంతకన్నా దిట్టం. ఆవిడ వీధి ఈ చివర నిలబడి ఎవరినైనా మెల్లిగా మందలిస్తే ఆ చివర కుక్కలు తప్పుకుంటాయి.

ఆవిడ ప్రహరీ గోడ పక్కన ఒక గోరింట చెట్టుంది. ఆ చెట్టు మహిమ గురించి చెబితే మీరు నమ్మరు గానీ, ఒకసారి మా వీధిలో ఉండే సుభానీ మేక గోడ మీద కాళ్ళెత్తి నాలుగు రెమ్మలు మేసింది. ఆ మేక మూతి ఆషాఢం వెళ్ళేదాకా ఎర్రగానే ఉంది. నేను కళ్ళారా చూశాను. మా ఆవిడ శాంతి మాత్రం ఆ మేక మూతి పుట్టుకతోనే ఎరుపు అంటుంది. ఆవిడ నా మాట దేన్నీ ఒప్పుకోదు కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదు.

బజారు కోను అంటే సామ్రాజ్యమ్మకి గిట్టదు. గోపాలకృష్ణ గారని మా వీధిలోనే ఉంటారు, పత్తి జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన కూతురు హేమశ్రీ ఒకసారి గుంటూరులో బ్రాడీపేట వెళ్ళి, పార్లర్‌లో పది నిమిషాల్లో పండే మెహందీ పెట్టించుకుని వచ్చింది. సామ్రాజ్యమ్మ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "రంగు బావుందమ్మా, గేటుకి కూడా వేయించుకోండి" అంది.

ఆవిడ పద్ధతి వేరు. పొద్దున్నే ఆకు తుంచాలి. చింతపండు, వక్క ముక్క, నిమ్మరసం వేసి రోట్లో వెన్నలా రుబ్బాలి. పెట్టుకున్నాక కదలకూడదు. ఎండుతుంటే పంచదార కలిపిన నిమ్మరసం దూదితో అద్దాలి. పూర్తిగా ఎండాక నీళ్ళతో కడిగితే మహాపాపం, పొడిగా రాల్చాలి. తర్వాత పెనం మీద లవంగాలు వేడి చేసి ఆ పొగ మీద చేతులు కాచాలి. ఆపైన కొబ్బరినూనె. సబ్బు అనే మాట ఆ రోజుకి ఆ ఇంట్లో వినపడకూడదు. ఇవన్నీ చెప్పి ఊరుకుంటే బాగానే ఉండేది. ఆవిడ ఊరుకోదు, కాపలా తిరుగుతుంది. పెట్టిన ప్రతి ఇంటికీ వెళ్ళి కిటికీలోంచి చేతులు లెక్క చూసుకుంటుంది.

ఒకసారి మా ఆవిడకి పెట్టింది. ఆ రోజే రేషన్ షాపులో వేలిముద్ర వెయ్యాలి, ఆఖరు రోజు. శాంతి లేవబోతుంటే సామ్రాజ్యమ్మ ఆపి, నన్ను పంపించింది, "డీలర్‌తో చెప్పండి అన్నయ్య గారూ, మిషన్‌ని రేపు రమ్మనమని." నేను వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. డీలర్ ఎవరు పెట్టారు అని మాత్రం అడిగాడు. పేరు చెప్పగానే, రేపు తీసుకుందాం లెండి అన్నాడు. ఆ సాయంత్రం మా ఆవిడకి నేను ఉప్మా తినిపిస్తుంటే కిటికీలో మళ్ళీ ఆవిడ ముఖం.

"ముద్ద పెద్దదవుతోంది. చిన్నది పెట్టండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

గోరింటాకుకి మతం లేదని ఆవిడ నమ్మకం. అందుకే చర్చికి వచ్చే ఆడవాళ్ళని కూడా వదిలిపెట్టలేదు. ఒక ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు పాట నంబరు చెప్పి ఆగారు. ఆడవాళ్ళ వైపు ఒక్క పుస్తకమూ తెరుచుకోలేదు. అందరూ చేతులు గాల్లోకి ఎత్తి కూర్చున్నారు. చూసేవాళ్ళకి మహా భక్తిగా ఉంది గానీ, తడి ఆరలేదు, అంతే. చివరికి మగవాళ్ళం లేచి వెళ్ళి పేజీలు తిప్పాం. ఆ రోజు పాట మాత్రం మా చర్చి చరిత్రలో మొదటిసారి శ్రుతిలో వచ్చింది. తప్పు తాళం వేసే చేతులన్నీ ఆవిడ కస్టడీలో ఉన్నాయి మరి.

ఆవిడ న్యాయంలో ఒక పెద్ద లోపం ఉండేది. అందరికీ ఒకే శిక్ష కాదు. హేమశ్రీ లాంటి పిల్ల, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఫోను తప్ప ఇంకేదీ బరువు ఎత్తని పిల్ల, ఆవిడ దగ్గర పెట్టించుకుంటే అరగంటలో విడుదల. "పండిందమ్మా, పో" అనేది. అదే నాగరత్నం వస్తే, పొద్దున పెట్టిన ఆకు పొద్దుగూకేదాకా తియ్యనిచ్చేది కాదు. నాగరత్నానికి నాలుగు గేదెలు. ఆ సాయంత్రం పాలు పిండటం ఆమె మొగుడి మీద పడింది. గేదె ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు. చివరికి భార్య చీర చుట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. గేదె వెనక్కి తిరిగి ఒకసారి చూసి, మొహమాటపడి పాలిచ్చింది.

ఇదంతా వ్యాపారం అని గోపాలకృష్ణ గారి సిద్ధాంతం. చేతులు కట్టేసి ఇంట్లో కూర్చోబెడితే ఆడవాళ్ళు ఎటూ పోలేరు, ఎదురుగా చీరలు, ఇంక కొనక ఏం చేస్తారు అని. వినడానికి బాగానే ఉంది. కానీ చీరని చేత్తో తడిమి చూడకుండా కొన్న ఆడది గుంటూరు జిల్లాలో ఇంతవరకూ పుట్టలేదు. చేతికి ఆకు ఉన్నంతసేపు ఆవిడ ఎవర్నీ చీరల దరిదాపుల్లోకి కూడా రానిచ్చేది కాదు. సిద్ధాంతం అక్కడే పోయింది. పిచ్చి అని అందరం ఒక నిర్ణయానికి వచ్చేశాం. పిచ్చి అనేస్తే ఇక ఆలోచించే పని ఉండదు, హాయి.

ఇంతలో రెబ్కా సంగతి వచ్చింది.

మా ఎదురింటి మార్కు కోల్డ్ స్టోరేజీలో మేస్త్రీ. భార్య సువార్తమ్మ. కొడుకు అనిల్ కుమార్ పిడుగురాళ్ల నుంచి సున్నం లోడుతో లారీ తోలుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. రెబ్కా అతని భార్య. హాస్టల్లో పెరిగిన పిల్ల, పుట్టిల్లంటూ లేదు. పొద్దున్నే వెళ్ళి మిరపకాయల తొడిమలు తీస్తుంది, సాయంత్రం వచ్చి ఇంట్లో అంట్లు, బట్టలు, వంట. మా మిర్చి సంగతి తెలుసు కదా. తినేవాడికి ఒక్క పూట మండుతుంది, తొడిమ తీసేవాళ్ళకి రోజంతా. కొందరి చేతులు అలవాటు పడతాయి. రెబ్కా చేతులు పడలేదు. తోలు లేచి, పగిలి, వేళ్ళ సందుల్లో పచ్చి పుళ్ళయ్యాయి. మా శాంతి చూడలేక ఆటో ఎక్కించి బ్రాడీపేటలో ఒక చర్మం డాక్టరుకి చూపించింది. ఆయన ఆయింట్‌మెంట్ ట్యూబు రాసిచ్చి, కారం, నీళ్ళు, సబ్బు ఏవీ తగలకుండా కొన్నాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి, ఇలాగే చేస్తే వేళ్ళు మడవడం కూడా కష్టమవుతుంది అని చెప్పాడు.

సువార్తమ్మ ఆ ట్యూబుని అటక మీద పెట్టింది.

"చేతులకి సెలవా? ఆరు రోజులు పనిచేస్తే దేవుడికే ఒక్కరోజు దొరికింది. దీని చేతులు దేవుడికన్నా అలిసిపోయినయ్యా?" అని అడిగింది.

సువార్తమ్మ చెడ్డమనిషేం కాదు. ఏళ్ళ తరబడి తానూ తొడిమలు తీసింది. మండితే కాస్త నూనె రాసుకుని మళ్ళీ బస్తా ముందు కూర్చుంది. తన చేతులు తట్టుకున్నాయి గనక లోకంలో చేతులన్నీ తట్టుకోవాలని ఆమె లెక్క. పైగా ఇంట్లో పెళ్ళి. కూతురు మహిమని వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుకి ఇస్తున్నారు. కారం దంచాలి, పచ్చళ్ళు పెట్టాలి, గిన్నెలు తోమాలి, ఇల్లు కడగాలి. ఇవన్నీ ఎవరు చేస్తారు అని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

పెళ్ళి ఇంకో వారం ఉందనగా ఒకరోజు పొద్దున్నే సామ్రాజ్యమ్మ గిన్నె పట్టుకుని ఎదురింటికి వచ్చింది. నేను మార్కుతో కలిసి వాళ్ళ వరండాలో టీ తాగుతున్నాను.

"రెబ్కా ఏదే సువార్తా?"

"రోకలి దగ్గరుంది. పెళ్ళికూతురు లోపల ఉందక్కా, దానికి పెట్టు."

"పెళ్ళికూతురికి ముందురోజు పెడతా. ముందు వదినకి కదా పెట్టాల్సింది. ఆడపడుచు పెళ్ళి అయ్యేదాకా వదిన చేతులు ముద్ద గోరింటాకులో ఉండాలి. గుప్పిట్లో ముద్ద పెట్టి గుడ్డ కట్టాలి, రోజూ పొద్దున మార్చాలి. తెలీదా నీకు?"

సువార్తమ్మ చాట కింద పెట్టింది. "ఎవరు పెట్టారు ఈ ఆచారం?"

"పెద్దలు."

"మీ పెద్దలా, మా పెద్దలా?"

"చెట్టు ఒకటే కదే, దానికి మీదీ మాదీ ఏమిటి?"

"పెట్టకపోతే ఏమవుద్ది?"

"ఏమీ కాదు. ఆడపడుచు కాపరంలో చెయ్యి ఆడదు, అంతే." సామ్రాజ్యమ్మ వెళ్ళిపోబోతున్నట్టు గిన్నె మీద మూత పెట్టింది. "నీ ఇష్టం. నాకు ఆకు మిగులుద్ది."

సువార్తమ్మ నా వైపు తిరిగింది. "కరుణాకర్ గారూ, మీరు కాన్వెంటులో చదివారు. ఇట్టాంటిది ఎక్కడైనా ఉందా?"

కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పినవి రెండు. గోళ్ళు శుభ్రంగా ఉంచుకోవడం, అబద్ధం చెప్పకపోవడం. గోళ్ళు ఇప్పటికీ శుభ్రంగానే ఉంచుకుంటాను. సామ్రాజ్యమ్మ నన్ను చూసింది. ఆ చూపు పడ్డాక నిజం చెప్పగలిగే మగాడు మా వీధిలో లేడు.

"ఉందమ్మా. పాత ఆచారం. ఈ రోజుల్లో ఎవరు పాటిస్తున్నారు లే" అన్నాను.

ఏ ఆచారానికైనా ప్రాణం పోసేది ఆ రెండో మాటే. ఎవరూ పాటించడం లేదు అనగానే, మేం పాటిస్తాం అనే రోషం వస్తుంది. సువార్తమ్మ లోపలికి కేకేసింది, "రెబ్కా, రోకలి అక్కడ పడేసి రా."

ఇంటికొచ్చి ఈ కథ శాంతికి నవ్వుతూ చెప్పాను. ఆవిడ పిచ్చి ఈసారి ఒక పిల్లకి కలిసొచ్చింది, పని తప్పింది అన్నాను. శాంతి నవ్వలేదు. ఆ పచ్చి పుళ్ళ మీద చింతపండూ నిమ్మరసమూ కలిపిన ముద్ద పెట్టి కట్టేస్తే ఏమవుతుందో ఆలోచించారా అంది. నిజమే, నేను ఆలోచించలేదు. అబద్ధం చెప్పేటప్పుడు అంత దూరం ఎవరు ఆలోచిస్తారు? శాంతి విసవిసా ఎదురింటికి వెళ్ళింది. రెబ్కాని కూర్చోబెట్టిన గది తలుపు లోపల గడియ వేసుంది. తలుపు బాదింది. సామ్రాజ్యమ్మ తల మాత్రం బయటికి వచ్చింది.

"వదినా, ఆ పిల్ల చేతులు పాడైపోతాయి. నీ పిచ్చి దాని మీద చూపించమాక" అంది శాంతి.

"పెట్టాక చెయ్యి నాది" అంది సామ్రాజ్యమ్మ. తలుపు మూసుకుంది.

శాంతి ఇంటికొచ్చి ఆ పూట నాతో మాట్లాడలేదు. తప్పు సామ్రాజ్యమ్మది, శిక్ష నాది. మా ఇంట్లో ఇదీ పాత ఆచారమే.

ఆ వారం మా వీధికి సినిమా అక్కర్లేకపోయింది. రెబ్కా రెండు చేతులూ గుమ్మడికాయలంత మూటలు. ఆకుపచ్చ రసం బయటికి ఊరిన గుడ్డ, దాని మీద ముడి. ముడి విప్పే అధికారం ఒక్కరికే. కాబట్టి అన్నం కలిపి పెట్టేది సువార్తమ్మ, జడ వేసేది సువార్తమ్మ, కారం దంచేది సువార్తమ్మ. దంచుతూ తిట్టేది. తిడుతూ మధ్యలో లేచి వెళ్ళి కోడలికి మంచినీళ్ళు పట్టేది. సామ్రాజ్యమ్మ కిటికీలోంచి చూసి "ముద్ద పెద్దదవుతోంది" అని హెచ్చరించి పోయేది. మార్కు అయితే పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి ఒక గిన్నె తోమాడు. దాన్ని చూడ్డానికి నలుగురు వచ్చారు.

రెండు రోజులకి సువార్తమ్మకి అనుమానం వచ్చింది. పెళ్ళి పనులు వదిలేసి ఆచారం కూపీ లాగడానికి బయలుదేరింది. గోపాలకృష్ణ గారి భార్యని అడిగితే, మా హిందువుల్లో అంతగా లేదు, మీ క్రైస్తవుల్లో ఉందని విన్నాను అంది. పాస్టరమ్మ గారిని అడిగితే, బైబిల్లో ఎక్కడా చెప్పలేదు గానీ సాయిబుల ఇళ్ళల్లో గోరింటాకు ఎక్కువ కదా, వాళ్ళదేమో అంది. సుభానీ భార్య హయాత్‌బీని అడిగితే, మాలో లేదు సువార్తమ్మా, అది హిందువులదే, మీరు పాటిస్తున్నారంటే మెచ్చుకోవాలి అంది. తెలీదు అని మాత్రం ఒక్కరూ అనలేదు. మా ఊళ్ళో మర్యాదస్తులెవరూ ఆ మాట అనరు. మొత్తానికి మూడు మతాలవాళ్ళూ ఆచారం ఉందని ఒప్పుకున్నారు, ఎవరిది అనే దాని దగ్గరే తేడా. సువార్తమ్మ తృప్తిగా తిరిగొచ్చి కోడలికి పెరుగన్నం పెట్టింది.

నిజమైన గండం పెళ్ళికి ముందురోజు వచ్చింది. పెళ్ళికొడుకు మేనత్త వేటపాలెం నుంచి దిగింది. చేతికి ఆరారు గాజులు, నోటికి ఒక్క గడియ కూడా లేని మనిషి. రెబ్కా మూటలు చూసి, ఇదేం వింత, మా వైపు ఎక్కడా వినలేదే అంది అందరిముందూ.  సువార్తమ్మ ముఖం మిరప్పండులా అయింది. మూటలు విప్పించేదే, కానీ అక్కడే మహిమ చేతులకి గోరింటాకు పెడుతున్న సామ్రాజ్యమ్మ తలెత్తకుండానే అంది, "అయ్యో, మీ వైపు అప్పుడే మర్చిపోయారా? పాపం."

ఆ పాపం అనే మాటలో ఎంత జాలి ఉందంటే, మేనత్త గాజులు సర్దుకుంది.

"మర్చిపోవడమేంటి, మా అమ్మమ్మ చెప్పేది. పదేళ్ళ కిందట మా ఇంట్లోనూ చేశాం" అంది. నేను ఆవిడ వంక గౌరవంగా చూశాను. ఒకే పనిలో ఉన్నవాళ్ళం.

పెళ్ళి రోజు పొద్దున ముడి విప్పాలి. లవంగాల పెనం పట్టుకురమ్మని సామ్రాజ్యమ్మ నాకు పురమాయించింది. నేను పొగ కక్కే పెనం పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి రెబ్కా మంచం మీద, సామ్రాజ్యమ్మ ఎదురుగా, శాంతి గోడకి ఆనుకుని పళ్ళు బిగించి ఉన్నారు. సామ్రాజ్యమ్మ తలుపు వెయ్యమంటోంది. ఈలోగా సువార్తమ్మ దూసుకొచ్చింది. వారం రోజులు చాకిరీ చేసింది తాను, ఎలా పండిందో ముందు తానే చూడాలట. ఆమె వెనక గుమ్మంలో వేటపాలెం మేనత్త, ఆవిడ వెనక మిగతా చుట్టాలు. సామ్రాజ్యమ్మ ముడి మీద చెయ్యి వేసి ఆగిపోయింది. ఆవిడ ఆగడం నేను చూడటం అదే మొదలు.

"విప్పక్కా" అంది సువార్తమ్మ, మంచం ముందు అడ్డంగా కూర్చుంటూ.

పై గుడ్డ విప్పింది. గోరింటాకు పొడిగా రాలింది. లోపల ఇంకో గుడ్డ ఉంది, మెత్తటి చీరాల నూలు, మడతలు మడతలుగా చుట్టింది. ఆ పై మడతలు పండిన తీరు చెప్పలేను. మందారం దాని ముందు సిగ్గుపడాలి. అన్ని మడతలూ విప్పాక చెయ్యి బయటపడింది. దాని మీద ఎరుపు చుక్క లేదు. పల్చగా తెల్లటి మందు, మందు కింద లేత తోలు, అప్పుడే పుట్టిన పిల్లల అరికాలికి ఉండేలాంటిది. గదిలో గోరింటాకు వాసనా లవంగాల వాసనా కలిసినా ఇంకో వాసనని కప్పలేకపోయాయి. డాక్టరు రాసిచ్చిన ట్యూబు వాసన.

చేతికి మందు, మందు మీద గుడ్డ, గుడ్డ మీద గోరింటాకు. రోజూ పొద్దున గడియ వేసుకుని ఆవిడ చేసిన పని అదీ. శాంతి గోడ వదిలి మంచం దగ్గరికి వచ్చింది.

సువార్తమ్మ ఆ చేతుల్ని చూసింది. పైకి, అటక వైపు చూసింది. ట్యూబు పెట్టిన చోట దుమ్ములో చిన్న ఖాళీ కనిపిస్తోంది.  రెబ్కా గుడ్లనిండా నీళ్ళు పెట్టుకుని, ఇక తిట్లు మొదలవుతాయని తల వంచుకుంది. వేళ్ళు ఒకసారి మెల్లిగా మడిచి, తెరిచింది.

గుమ్మంలోంచి మేనత్త మెడ సాచింది. "ఏదీ, ఎట్టా పండిందో మాకూ చూపించండి మరి."

సువార్తమ్మ కోడలి రెండు అరచేతులూ తన చేతుల్లో పెట్టుకుని మూసేసింది.

"బ్రహ్మాండంగా పండింది వదినా."

"అయితే చూపించవేం?"

"దిష్టి తగులుద్ది. అందుకే ఇంకో వారం కట్టే ఉంచాలి. అది కూడా ఆచారమే. మీ వైపు లేదా?"

"ఎందుకు లేదు" అంది మేనత్త వెంటనే.

"కట్టక్కా" అంది సువార్తమ్మ, సామ్రాజ్యమ్మ వంక చూడకుండా. సామ్రాజ్యమ్మ కట్టింది. ఆవిడ ఒకరు చెప్పినట్టు చెయ్యడం కూడా నేను చూడటం అదే మొదలు. వచ్చినప్పట్నుంచీ పొగ పీలుస్తూ నేను ఆ పెనం అలాగే పట్టుకుని నిలబడ్డాను, లవంగాలు బొగ్గయిపోయాయి.

పెళ్ళి బాగా జరిగింది. గ్రూపు ఫోటోలో రెబ్కా మధ్యలో ఉంది, రెండు మూటలు ఒళ్ళో పెట్టుకుని. పెళ్ళి అయ్యాక మార్కు కోడల్ని తొడిమల దగ్గర్నుంచి మార్పించి, బస్తాలకి గుర్తులు కట్టే పనిలో పెట్టించాడు. సువార్తమ్మ చెప్పిందని కాదట, తనకే తోచిందట. నమ్మాం.

నేనూ శాంతీ ఒకరోజు సామ్రాజ్యమ్మ ఇంటికి వెళ్ళాం. శాంతి క్షమాపణ చెప్పబోతే ఆవిడ వినలేదు, చీర చూపించడం మొదలుపెట్టింది. నేను చాలాకాలంగా అడగాలనుకున్నది అడిగేశాను. హేమశ్రీకి అరగంటలో పండే ఆకు నాగరత్నానికి పొద్దుగూకేదాకా ఎందుకు పండదు?

"హేమశ్రీ చెయ్యి ఎప్పుడూ ఖాళీనే కదా అన్నయ్య గారూ. ఖాళీగా ఉన్న చేతికి ఇంకా ఖాళీ ఎందుకు?" అని, అనకూడనిది అనేసినట్టు గొంతు మార్చి, "ఆకు ముదురు, లేత తేడా కూడా ఉంటదిలెండి" అంది.

దారిలో శాంతి నన్ను అడిగింది, తనకి ఎప్పుడూ ఎంతసేపు ఉంచేది అని. పొద్దున పెడితే సాయంత్రందాకా అన్నాను. శాంతి నా వంక ఒక చూపు చూసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో సాయంత్రం కాఫీ నేను పెడుతున్నాను.

ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడపడుచు పెళ్ళంటే వదిన చేతులు వారం ముందు, వారం తర్వాత కట్టేయడం ఖాయమైపోయింది. సుభానీ ఇంట్లో నిఖాకి చేశారు. గోపాలకృష్ణ గారు శాస్త్రంలో ఉంది అంటున్నారు. వేటపాలెంలో అయితే అది తమ దగ్గరే పుట్టిందని చెప్పుకుంటున్నారట, నాకేం ఆశ్చర్యం లేదు.

మొన్న ఆషాఢంలో సామ్రాజ్యమ్మ ఇంటి ముందు జనం మూగి ఉంటే వెళ్ళి చూశాను. సామ్రాజ్యమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, రెండు చేతులకీ మోచేతుల దాకా గోరింటాకు. ముఖం చూస్తే స్టేషన్‌లో కూర్చోబెట్టిన మనిషి. ఊరందరికీ పెట్టే ఆ చేతికి ఎవరైనా పెట్టడం మేం ఎరగం. పెట్టింది సువార్తమ్మ, పట్టుకుంది రెబ్కా. లోపల పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, గుమ్మంలో చీరలకి వచ్చినవాళ్ళున్నారు, గోడ మీద సుభానీ మేక చెట్టు వైపే చూస్తోంది. సామ్రాజ్యమ్మ లేవబోయింది.

"పెట్టాక చెయ్యి మాది" అంది సువార్తమ్మ.

"ఎంతసేపు ఉంచుతారమ్మా?" అని అడిగాను.

"చేసిన పనిని బట్టి కదండీ. ఈవిడకి ఎల్లుండి దాకా పండదు" అంది రెబ్కా నవ్వుతూ. ఆ పిల్ల లోపలికి పరిగెత్తి పాలు దించింది, కట్లు లేని చేత్తో, గుడ్డ పట్టుకుని జాగ్రత్తగా.

మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం కలిపి సువార్తమ్మ తినిపిస్తుంటే నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు.

"ముద్ద పెద్దదవుతోంది, చిన్నది పెట్టండి" అన్నాను.

"ముద్ద సంగతి తర్వాత, పులుసులో ఉప్పే లేదు" అంది సామ్రాజ్యమ్మ.

"ఇప్పుడు నోరు కూడా నాదే" అంది సువార్తమ్మ. "మూసుకుని తిను."

సామ్రాజ్యమ్మ కళ్ళు ఉరిమి, బుద్ధిగా నోరు తెరిచింది.